తడిసినవాళ్ళ కట్టెలు

ఆ పొద్దున ఆకాశం సగమే తెరిపిచ్చింది. ఊరివైపు ఎండ రేకుల మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. కొండవైపు మబ్బులు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ, తలుపు తీయని దుకాణం ముందు జనంలా కనుమ దగ్గర మూగి ఉన్నాయి. వానలు వెళ్ళాయో లేదో తేలని అలాంటి పొద్దునే ఏటా మా సీజను మొదలయ్యేది. ఏజెంటు షెడ్డు ముందు మా అన్న, వదిన, నేను, మాతోపాటు బరువులు మోసే పొడుగోడు నిలబడి ఉన్నాం.

వీపుసంచులు తగిలించుకుని సరదాకి కొండెక్కే పట్నంవాళ్ళు ఉంటారు. వాళ్ళని మేం నడకవాళ్ళు అంటాం. వాళ్ళని రప్పించి మాకు పనిచ్చేది ఏజెంటు. వాళ్ళ గుడారాలు, పరుపులు, తిండిసామాను మేం మోస్తాం. వదిన వాళ్ళకి వండిపెడుతుంది. మంచు పడి దారి మూసుకుపోయేదాకా మా బతుకు అదే.

ఏజెంటు సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసి అన్న చేతిలో పెట్టాడు. పెద్ద చెంబంత ఉంది.

"బరువు చూడు."

అన్న దాన్ని అరచేతిలో ఆడించాడు. "పువ్వులా ఉంది సార్. ఏంటిది?"

"పొయ్యి. ఈ ఏడు నుంచి గ్యాసు డబ్బాలు మొయ్యక్కర్లేదు. గుప్పెడు పుల్లలు చాలు."

వేలెడంత పుల్లలు విరిచి డబ్బా నిండా నిలువుగా పేర్చాడు. అన్న అగ్గిపుల్ల గీసి అడుగున చిల్లులవైపు వంగాడు.

"కింద కాదయ్యా, పైన. ఇది పైనుంచి కిందికి కాలుతుంది."

డబ్బాలో డబ్బా ఉంది. ఆ రెండింటి మధ్యలోంచి గాలి వేడెక్కి పైకొచ్చి, పై అంచు చిల్లుల్లోంచి లోపలికి ఊదుతుంది. పొగ కూడా ఆ గాలికి మండిపోతుంది. మంట గిరగిరా తిరుగుతూ లేచింది. నాకు నచ్చింది. ఆ మాట ముందే చెప్పెయ్యాలి. పొయ్యి మంచిదే.

వదిన మంటకేసి కాకుండా పుల్లలకేసి చూస్తోంది. "పైన చెట్లు లేవు కదండీ. పుల్లలెక్కణ్ణుంచి వస్తాయి?"

"అడవి నిండా పుల్లలేనమ్మా. వంగి ఏరుకోవడమే."

"అడవి సగం దారిలోనే ఆగిపోతుంది గదండీ."

ఏజెంటు అన్నకేసి చూసి నవ్వాడు. "ఏమయ్యా, మీ ఆవిడ లాయరు చదివిందా?"

"అది అలాగే అంటుంది సార్," అన్నాడు అన్న. "నేను చూసుకుంటా కదా."

ఆ 'నేను చూసుకుంటా' అన్న మాట అన్న నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. దాన్ని అవతలివాడి ముందు పీటలా వేసేవాడు. చూసుకోవాల్సిన వేళకి చూసేది ఇంకెవరో.

గ్యాసు డబ్బాల మోత పోయింది గనక పొడుగోడు అక్కర్లేదని ఏజెంటు తేల్చాడు. "ఈ సీజను ఇంట్లో రెస్టు తీసుకోవయ్యా," అన్నాడు చాలా మర్యాదగా.

"తీసుకుంటాను సార్," అన్నాడు పొడుగోడు. "మరి మా ఇంట్లో పొయ్యి మీద ఏం పెట్టమంటారు, నన్నా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వి, తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అన్న వాడి వెనక ఒక్క అడుగైనా వెయ్యలేదు. వచ్చే ఏడాది ఈ దారి మోతపని మొత్తం అన్న చేతికిస్తానని ఏజెంటు అప్పటికే చెవిలో వేసి ఉన్నాడు. ఆ ఆశ ఒకటి అన్నని మెడ పట్టి నడిపిస్తోంది.

మా దారి సంగతి చెప్పాలి. నడకవాళ్ళతో అయితే మొదటి రోజంతా అడవి. తర్వాత మోకాళ్ళెత్తు తుప్పలు. ఆపైన రాయి, గాలి, అంతే. కనుమ కింద ఒక రాతిగది ఉంది. మా నాన్నా ఆయన తోటి మోతగాళ్ళూ కట్టింది. లోపలి గోడలో నడుమెత్తున ఒక అర వదిలారు. అందులో ఎండుకట్టెలు పేర్చి ఉంటాయి. సీజను మొదట్లో పైకెళ్ళే మోతగాడు ప్రతివాడూ బరువు మీద ఒక కట్ట వేసుకెళ్ళి ఆ అరలో పెట్టాలి. తీయడానికి మాత్రం ఒకటే సందర్భం. మనిషి తడిసిపోయి, చేతివేళ్ళు ముడవనప్పుడు. చలేస్తోందనో, టీ తాగాలనిపించిందనో ముట్టుకోకూడదు. తడిసినవాళ్ళ కట్టెలు అనేవాళ్ళం వాటిని. కాగితం మీద ఎవరూ రాయలేదు, కాపలా ఎవరూ లేరు. నాకు తెలిసి ఎవరూ తప్పలేదు.

పైకి కట్టెలు ఎక్కువగా చేర్చేది పొడుగోడే. గ్యాసు డబ్బాలు నిలువుగా పేరిస్తే తక్కువ చోటు తీసుకునేవి, వాటి మీద కట్ట నిలిచేది. ఈసారి వాడు లేడు. గ్యాసు పోగా వాడి సామానులో మిగిలినదాంట్లో సగం నా వీపు మీదికి వచ్చింది. తేలిక పొయ్యి ఎవరికి తేలికో నాకు మొదటి ఎక్కుడులోనే అర్థమైంది.

అడవిలో ఉన్నంతసేపు అంతా బాగానే ఉండేది. నడకవాళ్ళు పిల్లల్లా పుల్లలు ఏరేవాళ్ళు. పొయ్యి చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే అందులో వెయ్యడం వాళ్ళకి ఆటలా ఉండేది. కూర ఉడికిపోయినా వేస్తూనే ఉండేవాళ్ళు.

"చాలండీ, గిన్నె దించేశాను," అనేది వదిన.

"ఇంకొక్కటి అమ్మా, మంట ఎంత బాగుందో చూడు."

తుప్పల దగ్గరికొచ్చేసరికి పుల్లలు మంచుకి తడిసి ఉండేవి. పొయ్యి ఊరికే పొగ చిమ్మేది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పుల్లలు, కళ్ళ నిండా నీళ్ళతో వదిన అవస్థపడేది. ఆ పొయ్యిని వదిలి పక్కకి తిరగడానికి లేదు. తిరిగితే ఆరిపోతుంది.

రెండో బృందమనుకుంటాను, రాతిగది చేరేసరికి గాలి మొదలైంది. వాళ్ళలో టోపీ పెట్టుకున్న ఆయన ఒకడు ఉన్నాడు. కిందికెళ్ళాక ఏజెంటు దగ్గర ఈయన మాట బాగా చెల్లుతుందని అన్నకి తెలుసు. పొయ్యి పొగ చిమ్ముతుంటే ఆయన ముఖం చిట్లించాడు.

"ఇదేనా మీ ఏజెంటు గొప్పగా చెప్పిన పొయ్యి?"

అన్న గోడ దగ్గరికెళ్ళి, అరలోంచి ఒక కట్ట తీశాడు. మోకాలికి వేసి విరిచాడు. ఏళ్ళ తరబడి రాతిగోడలో ఆరిన కట్టె టకటకా విరిగింది.

"అన్నా," అన్నాను.

"ఉండరా."

"ఎవరూ తడవలేదు."

"మళ్ళీ పెడదాంలే. నువ్వు నోరు తెరిస్తే వానొస్తుంది, మూసుకో."

టోపీ ఆయన నవ్వాడు. పొయ్యి పిసరంత పొగ లేకుండా మండింది. "అద్భుతం," అన్నాడాయన. కిందికెళ్ళి ఏజెంటుకీ అదే చెప్పాడు. ఏజెంటు అన్న భుజం తట్టాడు.

అలా మొదలైంది. ఆ తర్వాత ప్రతి బృందానికీ పైన ఎండుకట్టె ఉంటుందనే మాట షెడ్డు దాకా పాకింది. 'పై మజిలీలో కట్టెలు సిద్ధం' అని ఏజెంటే నడకవాళ్ళకి చెప్పడం నా చెవులారా విన్నాను. ఎవరు సిద్ధం చేశారు? ఆయన తాతా? నా పళ్ళు నూరుకోవడం నాకే వినిపించింది.

వదిన మాత్రం అడవి దాటేముందు తన శాలువాలో చితుకులు కట్టుకుని పైకి తెచ్చేది. అరలో ఓ మూల సర్దేది. మరుసటి బృందం అవీ కాల్చేసేది. నేనూ నా బరువు మీద కట్ట వేసుకుని చూశాను. రెండు ఎక్కుళ్ళకి మోకాలు వాచింది. మూడోసారి అన్నే నా వీపు మీది కట్ట లాగి పక్కన పడేశాడు.

"కుంటుకుంటూ వస్తే బృందం ఆలస్యమవుతుంది. ఏజెంటు నన్నంటాడు."

"నువ్వు మొయ్యి మరి."

"నా మీద ఉన్నది కనబడటం లేదా నీకు?"

"కనబడుతోంది. వచ్చే సీజను ఉంది నీ మీద."

చెంప పగలగొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నవ్వాడు. అదే నాకు ఎక్కువ కాలింది. "ఒరే, అది నా ఒక్కడి కోసమా? దారి మన చేతికొస్తే నువ్వే రాజువి. పొడుగోణ్ణీ వెనక్కి పిలుద్దాం. కట్టెలు బండెడు పెడదాం. ఒక్క సీజను, ఒక్క సీజను ఓపిక పట్టలేవా?"

"ఈలోగా ఎవరైనా తడిస్తే?"

"ఎవరు తడుస్తారు? ఆకాశం చూడు, అద్దంలా ఉంది."

నిజమే, ఆ ఏడు ఆకాశం అన్న పక్షానే నిలబడింది. వారాల తరబడి మబ్బు లేదు. నేను మాట్లాడటం మానేశాను. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నా పళ్ళెం కేసే చూసేవాణ్ణి. అన్న జోకులేసేవాడు. వదిన ఇద్దరి మధ్యా వడ్డించేది, ఎవరి వైపూ ఒక్క మాట వేసేది కాదు.

చివరి బృందం దిగిపోయింది. పైన మిగిలిన గుడారాలూ గిన్నెలూ దించుకు రావాలి. ముగ్గురం వెళ్ళాల్సింది. బయల్దేరే పొద్దున షెడ్డు నుంచి కబురొచ్చింది. వచ్చే ఏడాది సంగతి మాట్లాడాలి, అన్నని రమ్మని.

"మీరిద్దరూ పదండి," అన్నాడు అన్న, ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నేను రేపు సగం దారికి ఎదురొస్తా."

వదిన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అంది: "పైన అరలో ఏమీ లేదండీ."

"దించుకు రావడమే గదే. వంటేమైనా చెయ్యాలా?"

"వంట గురించి కాదు."

"నేను చూసుకుంటా," అన్నాడు అన్న.

ఖాళీ వీపులతో ఆ రోజే పైకి చేరాం. గుడారాలు విప్పి కట్టేసరికి కనుమ అవతలి నుంచి తెల్లగా ఒకటి లేచింది. మంచు కాదు, వాన కాదు, రెండూ కలిసి అడ్డంగా కొట్టింది. బరువులెత్తుకుని దిగుతున్నాం. రాతిగది కింద వాగు ఉంది, రాళ్ళ మీద దాటాలి. వదిన వీపున తడిసిన గుడారం గాలికి తెరచాపలా ఉబ్బింది. రాయి జారింది. నడుం దాకా మునిగి, కుడిచేత్తో బండ పట్టుకుని వేలాడింది. నేను లాగి ఒడ్డున వేసేసరికి ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. చేతికున్న ఉన్ని తొడుగు నీళ్ళు కారుతోంది.

"గదికి పద," అన్నాను.

"కిందికే పోదాం."

"గదికి పద వదినా!"

అంత గట్టిగా ఆమె మీద నేనెప్పుడూ అరవలేదు.

గదిలో అర ఖాళీగా ఉంది. ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. బెరడు పొట్టు కూడా లేదు. మా వాళ్ళు రాయి మీద రాయి పెట్టి, చేతులు కాయలు కాచి వదిలిన చోటు, నాకి పెట్టిన పళ్ళెంలా ఉంది. నా సంచి పైజేబులో పొయ్యి ఉంది. పొడి అగ్గిపెట్టె ఉంది. పువ్వులాంటి పొయ్యి. ఆ పొయ్యిని చూస్తే ఒళ్ళు మండింది. మండేది అదొక్కటే అక్కడ.

పొడిగా మిగిలిన పరుపు కవరు ఆమెకిచ్చి అటు తిరిగి నిలబడ్డాను. తడిబట్టలు విప్పి అందులో దూరింది. తర్వాత నా వీపుకి బరువు కట్టుకునే కర్రచట్రం విప్పాను. కత్తితో కొట్టాను. వానకి నాని ఉంది. పై పొర చెక్కి, లోపలి పొడిదాకా పోవాలి. వేలెడంత ముక్కలు చెయ్యాలి. పెద్దవి ఆ డబ్బాలో పట్టవు. నా వేళ్ళు నా మాట వినడం లేదు. మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి పొగొచ్చి ఆరిపోయింది. ఎండుకట్టె ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ అరలో ఉండి ఉంటే అప్పటికి నీళ్ళు కాగేవి.

వదిన సంచి తడిమి కర్రగరిటె తీసి నాకేసి జరిపింది. అది వంటింటి పొగకి ఏళ్ళ తరబడి ఆరి ఉంది.

"ఇది వెయ్యి."

"గరిటె..."

"వెయ్యవయ్యా. ఇక్కడెవరికి వడ్డించాలి?"

గరిటె చీలికలతో అంటుకుంది. మంట గిరగిరా తిరుగుతూ లేచింది. దాని మీద చట్రం ముక్కలు ఒక్కొక్కటే ఆరబెడుతూ, వేస్తూ కూర్చున్నాను. నీళ్ళు కాచి తాగించాను. మెల్లగా ఆమె వణుకు తగ్గింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మాత్రం మైనంలా తెల్లగా ఉండిపోయాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అంది. "అదే భయంగా ఉంది."

తెల్లారేసరికి గాలి ఆగింది. గుడారాలక్కడే పడేసి దిగాం. ఆమె చేతిని నా తువ్వాలులో చుట్టి, గుండెకి ఆనించి కట్టాను. అడవి పైఅంచున అన్న ఎదురొచ్చాడు. చెయ్యూపుతూ వస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. పని కుదిరిందని చూడగానే తెలిసింది. దగ్గరికొచ్చి, ఖాళీగా ఉన్న నా వీపు చూసి ఆగాడు.

"చట్రం ఏదిరా?"

నేను వదినకి దారిచ్చి పక్కకి తప్పుకున్నాను.

"గుడారాలేవి? ఏజెంటు సాయంత్రానికి లెక్క అప్పజెప్పమన్నాడు..."

అప్పుడు చూశాడు తువ్వాలు. వదిన అతన్ని దాటి నడిచింది. తోసుకుని కాదు, తల తిప్పుకుని కాదు. దారిలో ఉన్న చెట్టుని దాటినట్టు దాటింది. వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగినా ఆ క్షణంలోనే జరిగిపోయింది. తర్వాత జరిగినవన్నీ దాని బాకీలే.

ఆస్పత్రిలో ఆ రెండు వేళ్ళూ మొదటి కణుపు దాకా తీసేశారు. అన్న వరండాలో కూర్చుని గోడకేసి తల కొట్టుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు. కొట్టుకోనీ అనుకున్నాను.

దారి ఇంకా పూర్తిగా మూసుకోలేదు. పొడుగోడి ఇంటికెళ్ళాను. అర ఖాళీగా ఉందని ఒక్క మాట చెప్పాను. వాడు తాడు తీసుకుని బయటికొచ్చాడు. ఇద్దరం కట్టెలు మోసుకెళ్ళి అర నింపడం మొదలెట్టాం. రెండో ఎక్కుడుకి వెనక అడుగుల చప్పుడైతే చూశాను. అన్న. నెత్తి మీద మా ఇద్దరి కట్టలూ కలిపినంత మోపు. పొడుగోడు నా ముఖం కేసి చూశాడు. నేను ముందుకి తిరిగి నడిచాను. గది దగ్గర అన్న పేర్చబోతే మోపు చేతిలోంచి తీసుకుని నేనే పేర్చాను. మొయ్యడానికి ఎవరినీ కాదనలేను. ఆ అరలో చెయ్యి పెట్టనివ్వడం మాత్రం నా వల్ల కాలేదు.

ఏజెంటు ఆ వారంలోనే మా ఇంటికొచ్చాడు. చేతిలో పళ్ళు, భుజాన సంచి, వెనక కెమెరా పట్టుకున్న మనిషి. అన్న అలవాటు కొద్దీ కుర్చీ వేశాడు.

"ఎలా ఉందమ్మా చెయ్యి?" అని అడిగి, జవాబు రాకముందే సంచిలోంచి కొత్త పొయ్యి తీసి వదిన ముందు పెట్టాడు. "ఆ గాలివానలో ఈ పొయ్యే నీ ప్రాణం నిలబెట్టిందట కదా! ఆ మాట నీ నోటితో ఒక్కసారి చెప్తే చాలు. వచ్చే సీజను నడకవాళ్ళందరికీ చూపిస్తాను."

నేను లేవబోయాను. వదిన చూపుతోనే ఆపింది.

"అలాగేనండీ," అంది. కట్టు కట్టిన చెయ్యి శాలువాలోంచి తీసి పొయ్యి పక్కన పెట్టింది. "తియ్యమనండి."

ఏజెంటు ఇబ్బందిగా కదిలాడు. "చెయ్యి లోపల పెట్టుకోమ్మా. పొయ్యి కనపడితే చాలు."

"చెయ్యి కూడా పడాలండీ. ఆ పొయ్యిలో ఏం కాలిందో చూసేవాళ్ళకి తెలియాలి కదా."

కెమెరా మనిషి నేలకేసి చూస్తున్నాడు. ఏజెంటు అన్నవైపు తిరిగాడు. "ఏమయ్యా, కాస్త చెప్పు మీ ఆవిడకి."

అన్న పెదవులు కదిలాయి. ఆ పాత మాటే వస్తుందనుకున్నాను. రాలేదు. వంగి పొయ్యి తీసి, ఏజెంటు సంచిలో పెట్టి, జిప్పు లాగాడు. సంచి ఆయన చేతికందించాడు.

"వచ్చే సీజను సంగతి గుర్తుందా నీకు?"

"గుర్తుంది సార్. పొడుగోణ్ణి ఇంటికి పంపిన రోజు కూడా గుర్తుంది. మీరు వెళ్ళండి."

ఏజెంటు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, మోతగాళ్ళకి కరువా అన్నాడు. దారి ఇంకెవరి చేతికో పోయింది. అన్న మంచి పనే చేశాడని పొడుగోడు తర్వాత నాతో అన్నాడు. చేశాడు, కాదనను. అర నిండుగా ఉన్నప్పుడు, ఆమె చెయ్యి నిండుగా ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని. ఆ కోపం నాలో అలాగే ఉంది. చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

ఆ సాయంత్రం అన్న వండాడు. వంటింట్లో చాలాసేపు గిన్నెలు చప్పుడయ్యాయి. మూడు పళ్ళేలు పెట్టాడు. నేను పొడుగోడింటికి పోయి తిందామని లేచాను. వదిన తన పక్కనున్న పీట కాలితో నాకేసి జరిపింది. కూర్చున్నాను.

ఆమె ఎడంచేత్తో చెంచా పట్టుకుంది. మొదటి ముద్ద జారి ఒళ్ళో పడింది. అన్న చెయ్యి సాయానికి లేచి, సగంలో ఆగి, తన పళ్ళెం దగ్గరికే తిరిగొచ్చింది. ఆమె ఒళ్ళో పడింది తీసి పక్కన పెట్టి, మళ్ళీ చెంచా నింపుకుంది. ఈసారి నోటి దాకా వెళ్ళింది.

కూరలో ఉప్పు లేదు. ముగ్గురం తిన్నాం. ఎవరూ అడగలేదు.